అతిథి ఎప్పుడు నివాసి అవుతాడు?
చైనాలో ముస్లిం వర్తకుల బస, పత్రాలు: ఒక చారిత్రక పరిశీలన

ప్రయాణంలో ఉన్న మనిషి ఒక ఊరిలో పదిహేను రోజులో, అంతకు మించో ఉండాలని నియ్యత్ చేసుకుంటే, హనఫీ ఫిఖహ్ ప్రకారం అతడు ఇక ముసాఫిర్ కాడు, ముఖీమ్ అవుతాడు. నమాజును కుదించుకొనే వెసులుబాటు అతనికి ఉండదు. అదే మనిషి "ఈ రోజు వెళతాను, రేపు వెళతాను" అనుకుంటూ ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయినా ముసాఫిర్‌గానే లెక్క. ఇక్కడ మార్పు తెచ్చేది మనసులోని సంకల్పం. ఏ కచేరీ ముద్రతోనూ పని లేదు.

రాజ్యానికీ పరదేశికీ మధ్య లెక్క ఇంత సులువుగా తేలదు. మన ప్రాంతాలనుండి గల్ఫు దేశాలకు వెళ్ళినవారిలో చాలామందికి ఒక దారి తెలుసు. విజిట్ వీసా మీద వెళ్ళడం, అక్కడ కఫీల్‌ను చూసుకోవడం, ఆ తర్వాత దానిని పని వీసాగా మార్పించుకోవడం. ఆ అలవాటుతోనే చైనాను గురించి కూడ అడిగేవారున్నారు. టూరిస్టు వీసా మీద వెళ్ళి, అక్కడే పనీ నివాసమూ సంపాదించుకోవచ్చునా అని. దీనికి నేటి చట్టం ఇచ్చే సమాధానం చివర వ్రాస్తాను. అయితే ఈ ప్రశ్న చైనాకు కొత్తది కాదు. పన్నెండు వందల ఏళ్ళకు పూర్వమే అరబ్బు, పారసీక వర్తకులు దీనిని ఎదుర్కొన్నారు. అతిథి ఎవరు, నివాసి ఎవరు అన్నది అక్కడ వచ్చినవాని సంకల్పాన్ని బట్టి గాని, అతడు గడిపిన ఏళ్ళను బట్టి గాని తేలలేదు. ప్రభుత్వపు వ్రాతను బట్టే తేలుతూ వచ్చింది.

హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) చైనాకు వెళ్ళి కాంటన్ నగరంలో మరణించారని, వారి సమాధి అక్కడే ఉన్నదని చైనా ముస్లిములలో ఒక ప్రసిద్ధ గాథ ఉన్నది. భక్తితో చెప్పుకొనే ఈ గాథకు చారిత్రక ఆధారం లేదు. వారు మదీనాలో ఖననం చేయబడినట్లే మన గ్రంథాలు చెబుతున్నాయి. అయితే క్రీ.శ. 651లో, అనగా హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్ కాలంలో, అరబ్బుల దౌత్యబృందం ఒకటి తాంగ్ చక్రవర్తి ఆస్థానానికి వచ్చినట్లు చైనా చరిత్రలలో నమోదై ఉన్నది. మన కథను అక్కడినుండి మొదలుపెట్టవచ్చు.

అప్పటికే తాంగ్ ప్రభుత్వం పరదేశులను గురించి కొన్ని నియమాలు చేసుకొని ఉండెను. 628లో, మనవైపు హుదైబియా ఒడంబడిక జరిగిన సంవత్సరంలోనే, చక్రవర్తి ఒక శాసనం చేశాడు. పరదేశాలనుండి వచ్చినవారు చైనా స్త్రీని భార్యగా తీసుకోవచ్చును గాని, తిరుగు ప్రయాణంలో ఆమెను తమ దేశానికి తీసుకుపోరాదు. శాసనం చిన్నదే. కాని దాని ఫలితాన్ని ఆలోచించండి. ఇల్లూ సంసారమూ ఏర్పడిన వర్తకుడు ఓడ ఎక్కాలంటే భార్యను రేవులో వదిలి వెళ్ళాలి. లేదా ఓడనే వదులుకోవాలి. చైనాలో ముస్లిం కుటుంబాలు నిలదొక్కుకోవడానికి గల కారణాలలో ఈ నియమం కూడ ఒకటని నా అభిప్రాయం. 653 నాటి తాంగ్ ధర్మశాస్త్రం మరొక విషయం నిర్ణయించింది. ఒకే దేశపు పరదేశులిద్దరు తగవుపడితే వారి ఆచారం ప్రకారమే తీర్పు. వేరు వేరు దేశాలవారు తగవుపడితే చైనా చట్టం ప్రకారం తీర్పు.

అతిథి నివాసిగా మారిన ఉదంతాలలో అన్నిటికంటె విచిత్రమైనది 787లో రాజధాని చాంగాన్‌లో జరిగింది. సీమా గ్వాంగ్ 11వ శతాబ్దంలో సంకలనం చేసిన మహాచరిత్రలో ఇది వివరంగా ఉన్నది. 755లో ఆన్ లూషాన్ తిరుగుబాటు లేచి రాజ్యాన్ని కుదిపివేసింది. ఆ సందు చూసుకొని టిబెటన్లు పడమటి మార్గాలను ఆక్రమించారు. అంతకు ముందు పశ్చిమ దేశాలనుండి రాయబారులుగా, కానుకలు తెచ్చినవారుగా చాంగాన్‌కు వచ్చినవారు తిరిగి వెళ్ళే దారి లేక అక్కడే చిక్కుకుపోయారు. వీరందరూ ముస్లిములు కారు, నానా జాతులవారు. ప్రభుత్వపు అతిథి శాఖ వారికి రోజు గ్రాసం ఇస్తూ వచ్చింది. ఏడాది, రెండేళ్ళు కాదు. కొందరి విషయంలో నలభై ఏళ్ళు దాటింది. ఈ మధ్యకాలంలో ఆ అతిథులు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లలను కన్నారు. పొలాలూ ఇళ్ళూ కొన్నారు, వడ్డీ వ్యాపారం చేసి లాభాలు గడించారు. కాగితం మీద మాత్రం వారంతా రేపో మాపో ప్రయాణమయ్యే అతిథులే! ఖర్చు భరించలేక రాజధాని అంగళ్ళవారు మొత్తుకుంటున్నారు.

లీ బీ అనే మంత్రి ఈ విషయాన్ని పట్టించుకున్నాడు. ఇళ్ళూ పొలాలూ గల అతిథులెందరో లెక్క తీయించగా నాలుగు వేలమంది తేలారు. వారి గ్రాసం నిలిపివేయమన్నాడు. అతిథులందరూ కచేరీకి వచ్చి గోల పెట్టారు. లీ బీ వారిని గద్దించలేదు. తప్పు మునుపటి మంత్రులది అన్నాడు. కానుకలు తెచ్చిన రాయబారులను దశాబ్దాల తరబడి రాజధానిలో ఉంచడం ఎక్కడైనా ఉన్నదా అని అడిగాడు. వారి ముందు రెండు దారులు పెట్టాడు. ఉయ్‌ఘూరుల రాజ్యం మీదుగానో, సముద్రం మీదుగానో ఇంటికి వెళ్ళదలచినవారిని పంపిస్తాము. వెళ్ళడం ఇష్టంలేనివారు అతిథి శాఖ దగ్గర ఆ మాట నమోదు చేయించుకొని, ఉద్యోగమూ జీతమూ పొంది తాంగ్ ప్రజలై ఉండవచ్చు. మనిషి చేవ ఉన్నప్పుడే పనికి రావాలి గాని, జీవితమంతా అతిథిగా ఉండి అతిథిగానే చావడమెందుకు అన్నది ఆయన వాదం.

నాలుగు వేలమందిలో తిరిగి వెళతానన్నవాడు ఒక్కడూ లేడు. అందరినీ రాజరక్షక సేనలలో చేర్చారు. పెద్దలకు హోదాలు, తక్కినవారికి సిపాయి కొలువు. అతిథి శాఖ పోషణలో పదిమందికి పైగా మాత్రమే మిగిలారు. ఖజానాకు ఏటా ఐదు లక్షల నాణేల దండలు ఆదా అయ్యాయని చరిత్రకారుడు వ్రాశాడు. ఆ కాలపు చైనా నాణేలను నడుమ తొలిచి, వెయ్యేసి చొప్పున దారానికి గ్రుచ్చి లెక్కించేవారు. ఈ కథ చదివినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, జాలీ కలుగుతుంది. నలభై ఏళ్ళలో ఆ మనుషుల జీవితం ఎన్నడో మారిపోయింది. మారనిది కచేరీ దస్తరంలోని ఒక్క మాట. దానిని దిద్దడానికి లీ బీ రావలసి వచ్చింది. అంతమందికి ఒకేసారి అతిథి హోదాను పనిగల నివాసంగా మార్చిన ఇటువంటి ఉదంతం చైనా చరిత్రలో నాకు మరొకటి కనిపించలేదు.

దక్షిణాన రేవుపట్టణమైన కాంటన్‌లో గాలి వేరుగా వీచింది. అరబ్బులు దీనిని ఖాన్‌ఫూ అనేవారు. అక్కడ పరదేశులు, చైనీయులు కలసిమెలసి ఉంటూ, పెళ్ళి సంబంధాలు చేసుకుంటూ, భూములు కొనుక్కుంటూ ఉండగా, 836లో గవర్నరుగా వచ్చిన లూ జున్ ఇదంతా నిషేధించాడు. పరదేశులు విడిగా ఉండాలి, చైనీయులతో వియ్యమందరాదు, భూమి కొనరాదు అన్నాడు. ఒకే రాజ్యం, ఒకే శతాబ్దం లోపల చాంగాన్‌లో తలుపు తెరిచి కాంటన్‌లో మూసింది.

సరిగ్గా పదిహేనేళ్ళ తర్వాత, హిజ్రీ 237 అనగా క్రీ.శ. 851లో, "అఖ్‌బారుస్సీన్ వల్ హింద్" అనే అరబీ గ్రంథం వెలువడింది. కొందరు దీనిని సులైమాన్ అనే వర్తకునికి ఆపాదిస్తారు. సముద్ర వర్తకుల నోటి మాటలను కూర్చిన ఈ చిన్న పుస్తకంలో ఖాన్‌ఫూ వ్యవహారం ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. ఓడ రేవుకు రాగానే సరుకును ప్రభుత్వ గిడ్డంగులలో పెట్టి, ఆ రుతువులో రావలసిన చివరి ఓడ వచ్చేవరకు, ఆరు నెలలదాకా, తామే పూచీపడి కాపాడేవారు. తర్వాత పదింట మూడు వంతులు సుంకంగా తీసుకొని మిగిలినది యజమానికి అప్పగించేవారు. మన మోటుపల్లి రేవులో 1244లో కాకతి గణపతిదేవ మహారాజు వేయించిన అభయ శాసనం సుంకాన్ని ముప్పదింట ఒక వంతుగా నిర్ణయించిన సంగతి గుర్తుచేసుకుంటే, ఖాన్‌ఫూ సుంకం ఎంత బరువైనదో తెలుస్తుంది. అయినా వర్తకులు వెళుతూనే ఉన్నారు.

ఆ నగరంలో ముస్లిముల తగవులు తీర్చడానికి చైనా ప్రభువే ఒక ముస్లిమును నియమించేవాడని ఆ గ్రంథం చెబుతున్నది. పండుగనాడు నమాజు చదివించి, ఖుత్బా ఇచ్చి, ముస్లిముల సుల్తాను కొరకు దుఆ చేసేవాడు అతడే. ఇరాక్ వర్తకులు అతని తీర్పును కాదనేవారు కారట. తాంగ్ ధర్మశాస్త్రంలోని ఆ నియమమే ఇక్కడ ఖాజీ రూపంలో కనిపిస్తున్నదని గ్రహించగలరు. ఖిలాఫత్ నీడ ఏ మాత్రం పడని దేశంలో, ముస్లిమేతర ప్రభువు నియమించిన ఖాజీ! ఇది మన చరిత్రకారులు ఇంకా లోతుగా పరిశీలించదగిన విషయం.

దేశం లోపలికి ప్రయాణించదలచిన వర్తకునికి రెండు పత్రాలు కావాలి. ఒకటి గవర్నరు ఇచ్చేది. ఇందులో ప్రయాణికుని పేరు, వెంట ఉన్నవారి పేర్లు, వారి వయసులు, అతని తెగ వ్రాసి ఉంటాయి. రెండవది అంతఃపురపు నపుంసక అధికారి ఇచ్చేది. ఇందులో అతని వద్దనున్న డబ్బు, సరుకు వివరాలు ఉంటాయి. దారి పొడుగునా ఠాణాలలో ఈ రెంటినీ చూసి, ఫలానావాడు ఫలానా తేదీన వచ్చాడని వ్రాసుకొనేవారు. ఇది వర్తకుని మీద నిఘా మాత్రమే కాదు. అతని సొత్తు పోతే ఎక్కడ పోయినదో తెలిసేది. అతడే మరణిస్తే సొత్తు వారసులకు చేరేది. పత్రం సంకెల కూడ, కవచం కూడ.

ఈ దస్తరాల మరొక ముఖం 878 ప్రాంతంలో బయటపడింది. హ్వాంగ్ చావ్ తిరుగుబాటు సేనలు ఖాన్‌ఫూను పట్టుకొని పరదేశులను ఊచకోత కోశాయి. ముస్లిములు, యూదులు, క్రైస్తవులు, అగ్నిపూజకులు కలిపి లక్షా ఇరవై వేలమంది చంపబడినారని అబూ జైద్ సీరాఫీ వ్రాశాడు. మస్ఊదీ రెండు లక్షలంటాడు. ఈ సంఖ్యలను నేటి చరిత్రకారులు అతిశయోక్తులుగానే భావిస్తారు. కాని అబూ జైద్ చెప్పిన ఒక మాట ఆలోచించదగినది. చనిపోయినవారి సంఖ్య ఎలా తెలిసినదంటే, చైనీయులు పరదేశులను తల లెక్కన నమోదు చేసుకొని ఉన్నందువల్లనే అంటాడు. పన్ను కొరకు వ్రాసిన చిట్టా చివరకు మృతుల చిట్టా అయింది.

సోంగ్ వంశీయుల కాలంలో సముద్ర వాణిజ్యం ఖజానాకు పెద్ద ఆదరువు అయింది. 971లో కాంటన్‌లో, 1087లో చ్వాన్‌జౌలో రేవు వాణిజ్య శాఖలు స్థాపించారు. చ్వాన్‌జౌనే అరబ్బులు జైతూన్ అన్నారు. పరదేశుల పేటకు వారిలోనే ఒక పెద్దను నియమించేవారు. చిన్న నేరాలకు శిక్ష ఆ పెద్ద చేతిలో, పెద్ద నేరాల విచారణ ప్రభుత్వం చేతిలో ఉండేవి. ఆ ఏడు తిరిగి వెళ్ళక నిలిచిపోయిన వర్తకుని "తాంగ్‌లో మకాం పెట్టినవాడు" అనేవారని 1119 నాటి జూ యూ గ్రంథం తెలుపుతున్నది. అక్కడే పుట్టి పెరిగిన వారి పిల్లలకు ప్రభుత్వ పత్రాలలో పెట్టిన పేరు ఇంకా విచిత్రమైనది: "ఈ నేలన పుట్టిన పరదేశ అతిథులు". పుట్టింది ఇక్కడే, అయినా అతిథే. 1104 నాటి ఉత్తర్వు ప్రకారం కొత్తగా వచ్చినవారే కాదు, ఈ నేలన పుట్టిన అతిథులు సైతం వేరే జిల్లాకో, రాజధానికో వ్యాపారానికి వెళ్ళదలిస్తే రేవు శాఖకు అర్జీ పెట్టుకొని, విచారణ జరిపించుకొని పత్రం తీసుకోవలసిందే. 1114 నాటి మరో నియమం ఐదు తరాలుగా చైనాలో నివసిస్తున్న పరదేశ అతిథుల ఆస్తిని గురించి. వారసులు లేకుండా, వసీయతు వ్రాయకుండా మరణిస్తే ఆ ఆస్తిని రేవు శాఖ స్వాధీనపరచుకుంటుందని. ఐదు తరాలు గడిచినా చట్టం దృష్టిలో ఆ కుటుంబం పేరు "అతిథి"యే.

అదే జూ యూ మరొక సంగతి చెబుతాడు. కాంటన్ పరదేశుల పేటలోని ల్యూ అనే ఇంటిపేరుగలవాడు 1086–94 మధ్యకాలంలో రాజవంశపు స్త్రీని వివాహమాడి చిన్న ప్రభుత్వ హోదా కూడ పొందాడు. అతడు సంతానం లేకుండా చనిపోయి, ఆస్తి తగాదా రాజధానికి ఎక్కిన తర్వాతగాని ఆస్థానానికి ఈ పెళ్ళి సంగతి తెలియలేదు. అప్పుడు రాజవంశపు ఆడపిల్లలను ఇవ్వాలంటే వరుని మూడు తరాలలో ఒకడైనా ప్రభుత్వోద్యోగి అయి ఉండాలని నియమం పెట్టారు. డబ్బు, వివాహం, హోదా అన్నీ కుదిరినా, దస్తరం గమనించేవరకే ఆ భద్రత.

మంగోలుల యువాన్ కాలంలో ఈ అడ్డుగోడలు చాలవరకు కూలిపోయాయి. పశ్చిమ దేశీయులకు పాలకులు చైనీయులకంటె పై అంతస్తు ఇచ్చారు. 1340 ప్రాంతాలలో జైతూన్‌కు వచ్చినట్లు చెప్పుకొన్న ఇబ్న్ బతూతా మాటలు చూడండి. ఆయన చైనాలో ఎంతవరకు తిరిగాడన్న విషయమై పండితులలో అనుమానాలున్నాయి. అయినా ఆయన వర్ణించిన పద్ధతులు ముందటి గ్రంథాలతో కలుస్తాయి. వచ్చిన ముస్లిం వర్తకుడు అక్కడ స్థిరపడిన ముస్లిం వర్తకుని ఇంట దిగవచ్చు, లేదా సత్రంలో దిగవచ్చు. ఎక్కడ దిగినా అతని డబ్బును ఆ ఇంటివాడు లెక్క వ్రాసుకొని అమానతుగా ఉంచుకుంటాడు. పోతే భర్తీ చేయవలసినవాడు అతడే. ప్రతి మజిలీలోను సత్రపు అధికారి సాయంత్రం బస చేసినవారి పేర్లన్నీ వ్రాసుకొని తలుపు వేసేవాడు. తెల్లవారి పేరు పేరునా పిలిచి చూసుకొని, తోడుగా మనిషిని పంపి, వారు తరువాతి మజిలీ చేరినట్లు రసీదు తెప్పించుకొనేవాడు. పరదేశుల ముఖచిత్రాలు వ్రాయించి గోడలకు అంటించే పద్ధతి కూడ ఉండెనని, తన చిత్రాన్ని తానే చూసుకున్నానని అంటాడు. నేరం చేసి పారిపోతే ఆ చిత్రాన్ని ఊరూరా పంపేవారట. మన పాస్‌పోర్టు ఫోటోకు ఇది పూర్వీకురాలు అనవచ్చు.

చ్వాన్‌జౌలో ఆనాటి ముస్లిముల అరబీ సమాధి శిలలు ఎన్నో లభించాయి. పరదేశంలో ముసాఫిర్‌గా మరణించినవాడు షహీద్ అనే భావంగల రివాయతు వాటిలో పదేపదే కనిపిస్తుంది. దాని పరంపర బలహీనమని హదీసువేత్తలు చెబుతారు. అయినా ఆ ఊళ్ళో పెద్ద మస్జిదు కట్టుకొని, దానిని 1310లో బాగుచేయించుకొని, తరతరాలుగా పాతుకుపోయిన సమాజం తన చనిపోయినవారిని "గరీబ్", అనగా పరదేశి, అనే పిలుచుకున్నది. అతిథి అన్న మాటను వ్రాసింది కచేరీ ఒక్కటే కాదన్నమాట.

1368లో మింగ్ వంశం రావడంతో వ్యవహారం తలక్రిందులైంది. మంగోలులు, పశ్చిమ దేశీయులు తమలో తాము వివాహాలు చేసుకోరాదు, ఉభయుల సమ్మతితో చైనీయులతోనే చేసుకోవాలి, తప్పితే ఎనభై దెబ్బలు, ఆపైన ప్రభుత్వ బానిసత్వం అని కొత్త ధర్మశాస్త్రం విధించింది. 836లో చైనీయులతో వియ్యమందరాదన్న దేశమే ఇప్పుడు వారితోనే వియ్యమందాలన్నది. ఇది ఎంతవరకు అమలైనదనే విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఏమైనా సముద్ర వాణిజ్యం నిషేధించబడి కొత్తవారి రాక తగ్గిపోగా, ఉన్నవారు చైనా ఇంటిపేర్లు, చైనా భాష స్వీకరించి హుయ్ ముస్లిములుగా రూపొందారు. చింగ్ వంశీయుల కాలంలో 1757 నుండి 1842 వరకు ఐరోపావారు, బొంబాయి వర్తకులు కాంటన్‌లో ఎంత వ్యాపారం చేసినా, రుతువు ముగియగానే సరిహద్దు దాటి మకావ్ వెళ్ళి కూర్చోవలసి వచ్చేది. వారిని అతిథి నుండి నివాసి కానివ్వకుండా ఏటేటా బయటికి పంపడమే ఆ పద్ధతి సారాంశం.

ఇక నేటి మాట. చైనా 1985లో పరదేశుల రాకపోకల చట్టం చేసింది. దాని స్థానంలో 2012లో చేసిన కొత్త చట్టం 2013 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. పర్యాటకునికి ఇచ్చేది "ఎల్" వీసా, పనికి వచ్చేవానికి "జెడ్" వీసా. వర్తక వ్యవహారాలకు "ఎమ్" వీసా వేరే ఉన్నది. పర్యాటక వీసా గడువును పొడిగించుకోవచ్చు గాని, పొడిగింపు అంతా కలిపి మొదట ఇచ్చిన బస కాలాన్ని మించరాదు. దాని మీద పని చేయరాదు. చేస్తే ఐదు వేలనుండి ఇరవై వేల యువాన్ల జుర్మానా. తీవ్రమైన సందర్భాలలో దానితోపాటు ఐదునుండి పదిహేను రోజుల నిర్బంధం, ఆపైన దేశం వెళ్ళగొట్టడం కూడ ఉండవచ్చు. పనిలో పెట్టుకున్న యజమానికీ జుర్మానా తప్పదు.

పని, నివాసం కావలసినవాడు నడవవలసిన క్రమం ఇది. ముందుగా చైనాలోని యజమాని అర్జీ పెట్టి, పని అనుమతికి సంబంధించిన పత్రం తెప్పించాలి. దానితో మనిషి తన దేశంలోని చైనా రాయబార కార్యాలయంలో జెడ్ వీసా తీసుకోవాలి. చైనాలో అడుగుపెట్టిన ముప్పై రోజుల లోపల పోలీసుశాఖ వద్ద నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. కనుక టూరిస్టు వీసా మీద ఉన్నవానికి యజమాని దొరికినా, సాధారణంగా దేశం విడిచి వెళ్ళి, జెడ్ వీసాతో తిరిగి రావలసిందే. 2017లో వచ్చిన పద్ధతి పరదేశ పనివారిని మూడు తరగతులు చేసింది. విద్య, జీతం, అనుభవం వగైరాలకు మార్కులు వేసి, ఎనభై ఐదు గాని అంతకు మించి గాని వచ్చినవారిని మొదటి తరగతిలో పెట్టింది. ఆ తరగతివారు వేరే వీసా మీద వచ్చినా దేశంలో ఉండగానే అర్జీ పెట్టుకొనే వీలున్నది. సామాన్యునికి ఆ ద్వారం దాదాపు మూసి ఉన్నట్లే. అక్కడి స్త్రీని పెళ్ళాడినంత మాత్రాన కూడ పనిచేసే హక్కు రాదు. కుటుంబ నివాస అనుమతి వేరు, పని అనుమతి వేరు. శాశ్వత నివాసానికి 2004 నాటి నిబంధనలు వివాహమై ఐదేళ్ళు, అక్కడ ఎడతెగక ఐదేళ్ళు, ఏటా తొమ్మిది నెలలకు తక్కువ కాకుండా నివాసం కోరాయి.

హోటలులో కాక మిత్రుని ఇంట దిగినవాడు ఇరవై నాలుగు గంటల లోపల స్థానిక పోలీసులకు తన బస నమోదు చేయించాలి. హోటలులో దిగితే హోటలువారే ఆ పని చేస్తారు. ఇబ్న్ బతూతా సత్రంలో సాయంత్రం పేర్లు వ్రాసుకున్న అధికారి మనకు ఇక్కడ మళ్ళీ ఎదురవుతాడు.

ఏజెంట్లు చెప్పే మాట వేరు. "ముందు వెళ్ళండి, అక్కడ మార్పిద్దాం" అంటారు. అమాన్ పొంది పరదేశంలో ప్రవేశించిన ముస్లిం ఆ అమాన్ షరతులను భంగపరచరాదని ఇమామ్ ముహమ్మద్ షైబానీ కాలంనుండి మన ఫుఖహా వ్రాస్తూ వచ్చారు. నేటి ఉలమాలలో పలువురు వీసాను అటువంటి అమాన్‌గానే పరిగణిస్తున్నారు. పైగా పట్టుబడినప్పుడు జుర్మానా కట్టేది, నిర్బంధంలో కూర్చునేది ఏజెంటు కాదు.

ఆంధ్ర, తెలంగాణలనుండి చైనాకు వైద్యవిద్యకు వెళ్ళిన మన పిల్లల విషయం ఒకటి మిగిలింది. వారి నివాస అనుమతి చదువు కొరకు ఇచ్చినది. చదువు ముగిస్తే అదీ ముగుస్తుంది. అనుభవం లేకున్నా కొత్త పట్టభద్రులకు ఉద్యోగం ఇవ్వవచ్చునని 2017 జనవరిలో చైనా ప్రభుత్వం ఒక ప్రకటన చేసిన మాట నిజమే. అయితే అది ఎమ్.ఎ., ఎమ్.ఎస్సీ. స్థాయి, అంతకు పై పట్టాలు పొందినవారికి వర్తించేది. ఎమ్.బి.బి.ఎస్. అక్కడ బ్యాచిలర్ పట్టా.